22వ గేటు దగ్గర ఆగిపోయే స్కూటరు

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. విజయవాడ వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే మా స్కూటరు 22వ గేటుకీ 30వ గేటుకీ మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ లెక్కపెట్టేది నేనే. నాన్న హ్యాండిల్ పట్టుకుని నడిపిస్తుంటే, అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని రెయిలింగ్ వారగా నడుస్తుంటే, నేను వెనక సీటు కింద రెండు చేతులూ ఆనించి నెడుతూ ఒక్కో గేటూ దాటినప్పుడల్లా పైకే అంకె చెప్పేదాన్ని. కుడిపక్క నిండుగా నీళ్ళు, ఎడమపక్క ఇసుక మేటలు, వెనక్కి తిరిగి చూస్తే కొండ మీద అమ్మవారి గుడి. వెనకాల వచ్చేవాళ్ళు హారన్లు కొడుతుంటే నాన్న మెడ వెనక చెమట కారుతూ కనిపించేది. నాకు అప్పుడు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి.

ఆ స్కూటరు 1997లో, దీపావళికి నాలుగు రోజుల ముందు మా ఇంటికొచ్చింది. భవానీపురంలో ఒకాయన దగ్గర 5,800 రూపాయలకి కొన్నారు. 150 సీసీ ఇంజిను, టూ స్ట్రోకు, నాలుగు గేర్లూ ఎడమచేతి పిడిలోనే. బిస్కట్ రంగు మీద ఎవరో బ్రష్షుతో మళ్ళీ బిస్కట్ రంగే వేశారు, బ్రష్షు గీతలు వేలికి తగిలేవి. నాన్న వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో గుమస్తా. మా ఇల్లు సత్యనారాయణపురం. అప్పటికి సత్యనారాయణపురం మధ్యలోంచి రైలు పట్టాలు పోయేవి, ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోటే. పన్నెండేళ్ళు ఆ దారినే సైకిల్ తొక్కిన మనిషికి స్కూటరు వచ్చిందంటే ఆ సంతోషం ఎలా ఉంటుందో చూడండి, మొదటి నెల రోజులూ నాన్న షాపుకి అరగంట ముందే వెళ్ళిపోయేవారు.

మామూలు రోజుల్లో అది బాగానే తిరిగేది. పొద్దున వన్‌టౌన్‌కి నాలుగు కిలోమీటర్లు, రాత్రి మళ్ళీ నాలుగు కిలోమీటర్లు. ఎప్పుడైనా అమ్మని కాళేశ్వరరావు మార్కెట్టుకి తీసుకెళ్ళేవారు. ఒక్కసారి కూడా ఆగిపోయేది కాదు. కానీ నెలలో మొదటి ఆదివారం మంగళగిరిలో నాయనమ్మ దగ్గరికి బయలుదేరితే మాత్రం బ్యారేజీ మీద ఆగిపోయేది. పది నిమిషాలో పావుగంటో ఆగి, ఇంజినులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు తీసి తుడిచి, స్కూటర్ని ఒకపక్కకి వంచి, నాలుగు కిక్కులు కొడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు బయలుదేరేది. తిరుగు ప్రయాణంలో ఉండవల్లి సెంటర్ దాటాక ఇంకోసారి.

అమ్మ దిష్టి అంది. ముందు చక్రానికి నిమ్మకాయ తొక్కించి, హ్యాండిల్‌కి మిరపకాయలూ నిమ్మకాయా కట్టింది. నాయనమ్మేమో "నన్ను చూడటానికి రావడం ఆ బండికి ఇష్టం లేదు" అంది. ఆ మాటకి నాన్న చాలా బాధపడ్డారు, నాకు బాగా గుర్తు. నెలకోసారి తల్లికి డబ్బు చేతిలో పెట్టి, ఒకపూట అక్కడే తిని రావడం ఆయనకి పూజలాంటిది. బస్సులో వెళ్ళొచ్చు, అంతకుముందు బస్సులోనే వెళ్ళేవాళ్ళం. కానీ తల్లి ఇంటిముందు సొంత బండి దిగాలని ఆయనకి ఉండేది. అందులో తప్పేముంది?

మొదట ప్లగ్గు మార్చారు. ఆగినప్పుడు ప్లగ్గు తుడిస్తే స్టార్టవుతోంది కాబట్టి తప్పు ప్లగ్గుదేనని అందరూ అనుకున్నాం. కొత్త ప్లగ్గు వేశాక వచ్చిన ఆదివారం 24వ గేటు దగ్గర ఆగింది. ఆ తర్వాత మా వీధి చివర మెకానిక్ కుర్రాడు ఇంజిను పక్కన తిరిగే ఫ్లైవీలు చక్రం కిటికీలోంచి, ప్లగ్గుకి కరెంటు అందించే పాయింట్లు అరగదీసి, వాటితో ఉండే కండెన్సర్ మార్చాడు. మళ్ళీ ఆగింది. ఇంకో షాపులో, కాయిల్ వేడెక్కితే కరెంటు ఇవ్వడం మానేస్తుంది, చల్లారితే ఇస్తుంది, అందుకే పావుగంట ఆగితే కదులుతోంది అన్నారు. వినడానికి చక్కగా ఉంది, నిజానికి అలా పాడయ్యే కాయిల్స్ ఉంటాయి కూడా. 180 రూపాయలు పెట్టి కాయిల్ మార్చారు. ఆ నెల 22వ గేటు దగ్గర ఆగింది. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ విప్పి, పెట్రోలు పోయే సన్నరంధ్రాల జెట్లు ఊదించారు. చివరికి ఒకాయన సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఇంజిను బోరు చేయించి, అంటే అరిగిన సిలిండరుని లోపల చెక్కించి, పిస్టన్ మార్చాల్సిందే, 1,800 అవుతుంది అన్నాడు. అప్పటికే పెట్టిన ఖర్చు 640. ఈ లెక్క నాన్న దుకాణం పద్దులాగే ఒక కాగితం మీద రాసుకున్నారు. రాత్రి అన్నం తిన్నాక ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

అప్పుడు మా బాబాయి మాతోనే ఉండేవాడు, పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. "అన్నయ్యా, ఆ పద్దెనిమిది వందలేవో పెట్టేసి బోరు చేయించు, పీడ వదులుతుంది" అన్నాడు. నాన్న ఆలోచించి, "దేనికి ఖర్చు పెడుతున్నామో తెలియకుండా ఎలా పెడతాంరా? పద్దు రాస్తేగాని ఏదీ తేలదు" అన్నారు. నా రఫ్ నోటుబుక్కు అడిగి తీసుకుని, మధ్య పేజీలో గీతలు గీసి నాకే తిరిగి ఇచ్చారు. తారీఖు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత దూరం పోయాక ఆగింది, పెట్రోలు ఎంత ఉంది, ఏం చేస్తే కదిలింది. ఇవీ గళ్ళు. రాయడం నా పని.

పెట్రోలు ఎంతుందో చూడటానికి ఆ బండికి మీటర్ పనిచేసేది కాదు. సీటెత్తి, ట్యాంకు మూత తీసి, చీపురుపుల్ల నిలువుగా ముంచి తీసేదాన్ని. తడిసినంత మేర నా జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిచి రాసేదాన్ని. పెట్రోలు తడి క్షణంలో ఆరిపోతుంది, అందుకని స్కేలు ముందే చేతిలో పట్టుకోవాలి. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టం. టూ స్ట్రోకు బండి కదా, బంకులో లీటరుకి 20 మిల్లీలీటర్ల లెక్కన ఆయిల్ కలిపించేవాళ్ళం. ఉత్త పెట్రోలు వాసన వేరు, ఆయిల్ కలిసిన పెట్రోలు వాసన వేరు, కొంచెం తియ్యగా బరువుగా ఉంటుంది.

ఆ గళ్ళు కాక నేను సొంతంగా ఇంకో గడి కలిపాను, 'శబ్దం' అని. బండి ఆగిన ప్రతిసారీ నాన్న మొదట చేసే పని సీటెత్తి ట్యాంకు మూత తీసి పెట్రోలుందో లేదో చూడటం. మూత తీయగానే ఫస్స్‌మని వినిపించేది. ఒక్క క్షణం ఆగి లోపల ఎక్కడో గుటుక్కుమనేది. మంగళగిరి కొండ మీద పానకాలస్వామి నోట్లో పూజారి గారు పానకం పోస్తుంటే గుటక వేసిన శబ్దం వినిపిస్తుంది చూడండి, అచ్చం అలాగే. నాకు చిన్నప్పటినుంచీ ఆ శబ్దమంటే భక్తి, ఆశ్చర్యం. అందుకే రాశాను, అంతేగాని దానికీ బండికీ సంబంధం ఉంటుందని నాకు తెలియదు. 'ఫస్స్, గుటక' అని రాసి పక్కన తేదీ వేశాను. ఇంట్లో తీసినప్పుడు శబ్దం ఉండేది కాదు, ఆగిన చోట తీస్తేనే ఉండేది.

నాలుగు నెలలు రాశాక, 1998 వేసవి సెలవుల్లో, నాన్న ఆ నోటుబుక్కు పట్టుకుని నన్ను వెనక ఎక్కించుకుని ఆటోనగర్ తీసుకెళ్ళారు. విజయవాడవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని బయటివాళ్ళ కోసం చెబుతున్నాను, జవహర్ ఆటోనగర్ అంటే లారీలకి పుట్టిల్లు. బాడీలు కట్టేవాళ్ళు, పట్టీలు కొట్టేవాళ్ళు, లేత్ మిషన్లు, పెయింటర్లు, పాత సామాన్లు అమ్మేవాళ్ళు, వీధికొక విద్య. మా షాపుకి బట్టల బేళ్ళు తెచ్చే లారీ డ్రైవరు ఒకాయన చెప్పిన గుర్తుల ప్రకారం వెళ్తే, ఒక వేపచెట్టు కింద రేకుల షెడ్డులో పెద్దాయన స్కూటర్లు బాగుచేస్తూ కనిపించారు. తెల్లటి గడ్డం, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ, చేతులు మాత్రం మోచేతుల దాకా నలుపు. అందరూ మేస్త్రి గారనే పిలుస్తున్నారు.

నాన్న బోరు సంగతి చెప్పారు. మేస్త్రి గారు బండిని ముట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని ఒక్క ప్రశ్న అడిగారు. "ఆగేటప్పుడు ఎట్టా ఆగుద్ది? లైటు ఆర్పేసినట్టు టక్కున ఆగుద్దా, ఈడ్చుకుంటా ఈడ్చుకుంటా ఆగుద్దా?"

నాన్నకి వెంటనే జవాబు రాలేదు. నేనే చెప్పాను, ఈడ్చుకుంటూనే అని. వెనక కూర్చున్నదానికి బాగా తెలుస్తుంది. మొదట ఒక్కసారి గొంతు పైకి లేచినట్టు ఇంజిను శబ్దం సన్నబడుతుంది, తర్వాత ముందుకీ వెనక్కీ గుంజుతుంది, నాన్న గేరు తగ్గిస్తారు, కాస్త దూరం పోతుంది, మళ్ళీ గుంజి, గుక్క తిప్పుకోలేని మనిషిలా ఆగిపోతుంది.

"కరెంటు పోతే టక్కున ఆగుద్ది పాపా. కాయిలు గానీ పాయింట్లు గానీ అయితే ఎక్కువగా అంతే. ఈడ్చుకుంటా ఆగిందంటే దాని కడుపులోకి తిండి పోవట్లేదని" అన్నారాయన. ఆ వెంటనే రెండో ప్రశ్న. "ఆగినప్పుడు తీసిన ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా?"

ఆరు నెలల్లో కనీసం పదిసార్లు ప్లగ్గు తీసి ఉంటాం. తీయగానే గుడ్డతో తుడిచేయడమే గాని, తడో పొడో ఎవరం చూడలేదు. నాన్న ముఖం చూస్తే నాకు జాలేసింది, పద్దులో ఒక వరస రాయడం మరిచిపోయిన గుమస్తాలా అయిపోయారు.

మేస్త్రి గారు అప్పుడు బండి దగ్గరకొచ్చి కుడిపక్క మూత విప్పి ప్లగ్గు తీశారు. నా చేతిలో పెట్టి చూపించారు. ప్లగ్గు మూతిని చూస్తే ఇంజిను ఆరోగ్యం తెలుస్తుందట, డాక్టరు నాలుక చూసినట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైనట్టు, లేదా పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. తెల్లగా సున్నం పూసినట్టుంటే పెట్రోలు చాలక గాలి ఎక్కువై కాలుతున్నట్టు. కాఫీపొడి రంగులో పొడిగా ఉంటే అంతా బాగున్నట్టు. మాది అంచుల్లో కాఫీపొడి రంగు, కొన దగ్గర పాలిపోయి ఉంది. తర్వాత ప్లగ్గు రంధ్రం మీద నా బొటనవేలు పెట్టించి, ఆయన చేత్తోనే కిక్కు కిందికి నొక్కారు. వేలు ఎగిరిపోయింది. సిలిండరు అరిగిపోయి ఉంటే అంత బలంగా తన్నేది కాదట. "చూశావా ఎట్టా తన్నిందో, దీనికి బోరెందుకమ్మా?" అన్నారు. ఆ ఒక్క మాటతో 1,800 రూపాయలు మా నాన్న జేబులోకి తిరిగొచ్చినట్టయింది. నిజంగా ఆయన చొక్కా జేబు తడుముకున్నారు.

అప్పుడు నోటుబుక్కు ఇచ్చారు. మేస్త్రి గారికి చదువు రాదు, నన్నే చదవమన్నారు. నేను చదువుతూ పోతుంటే నాన్న మధ్యలో ఆపి, "ఉండు అమ్మలూ, పెట్రోలు గడి ఒక్కటే పైనుంచి కిందికి చదువు" అన్నారు. చదివాను. ఆగిన రోజులన్నీ పెట్రోలు నిండుగా ఉన్న రోజులే. నాన్నకి జీతం 1వ తారీఖున వచ్చేది. మంగళగిరి వెళ్ళే ఆదివారం పొద్దున ఏలూరు రోడ్డు బంకులో ట్యాంకు నిండా కొట్టించేవారు, ఆ నెలకి దాదాపు అదే సరిపోయేది, చివర్లో లీటరో రెండు లీటర్లో పోయించేవారు. మొదటి వారంలో షాపుకి వెళ్ళేటప్పుడు కూడా రెండుసార్లు గుంజిందని రాసి ఉంది. మూడో వారం, నాలుగో వారం ఒక్కసారి కూడా లేదు. మేమంతా ఇన్నాళ్ళూ దూరం వల్ల అనుకున్నాం, వేడి వల్ల అనుకున్నాం, బ్యారేజీ మీద గాలి వల్ల అని కూడా అనుకున్నాం. నిండుగా తిన్న రోజునే దానికి ఆకలి అని ఎవరికి తడుతుంది చెప్పండి!

మేస్త్రి గారు కాసేపు గడ్డం నిమురుకుని, "ఆ చివర గళ్ళో ఏదో రాశావే, ఏంటది?" అన్నారు. నేను సిగ్గుపడుతూ శబ్దం గురించి చెప్పాను, పానకాలస్వామి గుటకతో సహా. ఆయన నవ్వలేదు. లేచి నిలబడ్డారు.

ఇక్కడే మూత తీసి చూసేసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. కానీ ఆయన చూడలేదు. "నాకు అర్థమైంది. అయినా మీరే చూడాలి, లేకపోతే రేపు ఇంకోడు బోరంటే మళ్ళీ నమ్ముతారు" అని మాకు వరస చెప్పారు. బండి ఆగగానే మూత ముట్టుకోవద్దు. ముందు ప్లగ్గు తియ్యాలి, తడీ పొడీ చూడాలి. తుడవొద్దు. ప్లగ్గుని క్యాపుకి తగిలించి, దాని లోహం ఇంజినుకి ఆనించి కిక్కు కొట్టి నిప్పురవ్వ చూడాలి, ప్లగ్గు రంధ్రానికి ఎడంగా పెట్టి, ఎందుకంటే అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. తర్వాత అదే ప్లగ్గు అలాగే బిగించి కిక్కు కొట్టాలి. కదలకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, మూత తియ్యాలి. మూత తీసి ఇంకేమీ చెయ్యకుండా కిక్కు కొట్టాలి. స్కూటర్ని వంచడం కూడా వద్దు.

మేం ఇన్నాళ్ళూ ఏం చేశామంటే మూత తీశాం, ప్లగ్గు తుడిచాం, బండి వంచాం, పావుగంట ఆగాం, అన్నీ కలిపి చేశాం. కదిలాక పేరేమో ప్లగ్గుకి వచ్చింది.

ఆ వచ్చిన ఆదివారం కోసం నేను ఎదురుచూసినంతగా ఏ పండక్కీ ఎదురుచూడలేదు. అమ్మనీ తమ్ముణ్ణీ బస్సులో పంపించేశారు. నాన్న, బాబాయి, నేను. ట్యాంకు నిండా కొట్టించాం, అంచుదాకా. పొద్దున ఏడు గంటలు, అప్పటికే ఎండ చుర్రుమంటోంది. 22 దాటింది, 23 దాటింది, ఇవాళ ఆగదేమోనని నాకు టెన్షన్ మొదలైంది. ఆగకపోతే మళ్ళీ నెల రోజులు! 26వ గేటు దగ్గర ఇంజిను గొంతు సన్నబడింది. గుంజింది. ఆగింది. ముగ్గురం దిగి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. బండి ఆగిపోయినందుకు సంతోషపడటం అదే మొదలు.

బాబాయి ప్లగ్గు పానాతో ప్లగ్గు విప్పాడు. వేడిగా ఉంది, గుడ్డతో పట్టుకుని మూతి నాకు చూపించాడు. పొడి. వేలితో రాస్తే గంధం పొడిలా అంటింది తప్ప చెమ్మ లేదు. ఐదారు కిక్కులు కొట్టి తీసినా పొడే. పెట్రోలు అక్కడిదాకా రావడమే లేదన్నమాట. ఇంజినుకి ఆనించి కిక్కు కొడితే నీలం రంగు నిప్పురవ్వ టిక్కుమని దూకింది, అంత ఎండలోనూ నా చేతి నీడలో స్పష్టంగా కనిపించింది. కాయిల్ బాగుంది, పాయింట్లు బాగున్నాయి, కండెన్సర్ బాగుంది, పాతవి కూడా బాగానే ఉండి ఉంటాయి పాపం. అదే ప్లగ్గు తుడవకుండా బిగించాడు. నాన్న పది కిక్కులు కొట్టారు. కదల్లేదు.

"ఇప్పుడు నువ్వు తియ్యి అమ్మలూ" అన్నారు నాన్న.

సీటెత్తి మూత తీశాను. ఫస్స్. తర్వాత ఆ గుటక. అంతే, ఇంకేమీ ముట్టుకోలేదు. మూత చేతిలో పట్టుకునే నిలబడ్డాను. నాన్న కిక్కు కొట్టారు, ఒకటి, రెండు, మూడోదానికి బండి ఒక్కసారిగా అందుకుంది, తెల్లపొగ మా కాళ్ళ మధ్యలోంచి రెయిలింగ్ దాటి నీళ్ళ మీదికి పోయింది. బాబాయి గట్టిగా అరిచాడు. అటు పోతున్న సైకిలతను ఆగి ఏమైందని అడిగాడు.

మూత తిరగేసి చూస్తే లోపల నల్లటి రబ్బరు బిళ్ళ. ఎవరో సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కోసి మూతకి గ్యాస్కెట్‌లా పెట్టారు. కత్తెర సరిగా తెగక అంచు ఒకచోట ఎగుడుదిగుడుగా ఉంది. పెట్రోలు తొణికి సీటు కిందికి కారుతుంటే పాత యజమాని అలా సర్దుకుని ఉంటాడు. ఆయన్ని తప్పుపట్టలేను, ఉన్నదాంతో బాగుచేసుకున్నాడు. కానీ ఆ మూతకి మధ్యలో సూదిమొనంత రంధ్రం ఉంటుంది, ట్యాంకులోకి గాలి పోవడానికి. ఆ స్కూటర్లలో పెట్రోలు తనంత తానే కిందికి జారి కార్బొరేటర్‌లో పడుతుంది, పంపు ఉండదు. ఎంత పెట్రోలు కిందికి దిగితే అంత గాలి పైనుంచి లోపలికి రావాలి. రాకపోతే లోపల వెలితి ఏర్పడి పెట్రోల్ని కిందికి దిగనివ్వదు. స్ట్రాని నీళ్ళలో ముంచి పైన వేలితో మూసి ఎత్తితే నీళ్ళు కిందపడకుండా ఆగుతాయే, అదే. నిండు బిళ్ళ పెట్టేసరికి గాలి దారి మూసుకుపోయింది. ఆ ఎగుడుదిగుడు అంచులోంచి కొద్దికొద్దిగా దూరే గాలితోనే ఇన్నాళ్ళూ బతికింది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల ఉన్న గాలే సాగి సర్దుకునేది, నాలుగు కిలోమీటర్ల షాపు దారికి అది చాలు. అంచుదాకా నిండితే సాగడానికి గాలే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకో పరీక్ష కూడా చేశాం, బాబాయి పట్టుదల. నాయనమ్మ ఊళ్ళోనే మళ్ళీ ట్యాంకు నింపించి, రబ్బరు బిళ్ళ తీసేసి, తొణక్కుండా మూత చుట్టూ గుడ్డ చుట్టి బయలుదేరాం. ఉండవల్లి సెంటర్ దాటింది. సీతానగరం దాటింది. బ్యారేజీ మీదికెక్కాక నేను ఈసారి వెనకనుంచి లెక్క మొదలుపెట్టాను, 70, 69, 68... నాన్న వీపుకి చెంప ఆనించి, ఎవరికీ వినపడకుండా. 1 అనేదాకా ఒక్క గుంజు లేదు.

మర్నాడు మేస్త్రి గారి దగ్గరికి వెళ్తే ఆ ట్యూబు ముక్కనే దబ్బనం కొనతో మధ్యలో చక్కగా కోసి ఉంగరంలా చేసి, మూత రంధ్రంలో సన్నటి తీగ ఒకటి దూర్చి తుప్పు రాల్చి ఇచ్చారు. పది రూపాయలు తీసుకున్నారు. నాన్న యాభై ఇవ్వబోతే తీసుకోలేదు. నాతో మాత్రం, తీగతో మూత రంధ్రం పొడవొచ్చు గాని కార్బొరేటర్ జెట్‌ని ఎప్పుడూ పొడవొద్దు, నోటితో గానీ పంపుతో గానీ ఊదాలి అన్నారు. జెట్ రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా బండి పెట్రోలు తాగేస్తుందట.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆ స్కూటరు మా ఇంట్లో ఉంది. మళ్ళీ జబ్బు చేయలేదని కాదు. 2001లో ఉన్నట్టుండి వీధంతా కమ్మేసేలా తెల్లపొగ మొదలైంది, ప్లగ్గు తీస్తే నల్లగా జిడ్డోడుతూ ఉంది. అప్పటికి నేను ఇంటర్. ఎవర్నీ అడక్కుండా ముందు గేర్ ఆయిల్ చూశాను, తగ్గి ఉంది, కింద మాత్రం ఎక్కడా కారిన మరక లేదు. మరి ఆ ఆయిలంతా ఎక్కడికి పోయింది? ఇంజినే తాగుతోంది. టూ స్ట్రోకు ఇంజినులో క్లచ్ పక్కన ఆయిల్‌ని ఆపే ఒక రబ్బరు రింగు, ఆయిల్ సీలు, ఉంటుంది, అది పోతే ఇంజిను గేర్ ఆయిల్‌ని లోపలికి లాక్కుని కాలుస్తుంది. అదే రెండోపక్క, మాగ్నెట్, అంటే ఫ్లైవీలు, వైపు సీలు పోతే ఆయిల్‌కి బదులు గాలి లాక్కుంటుంది, పొగ ఉండదు, ఇంజిను మాత్రం పట్టుతప్పి అరుస్తుంది, యాక్సిలరేటర్ వదిలేసినా శబ్దం దిగదు. గవర్నర్‌పేటలో సీలు కొనుక్కుని ఆటోనగర్ వెళ్తే మేస్త్రి గారు "ఎవరు చెప్పారు సీలని?" అన్నారు. పొగ, ప్లగ్గు, ఆయిల్ లెవెలు వరసగా చెప్పాను. ఇంజిను దింపి విప్పితే అదే. వానాకాలం వన్‌టౌన్‌లో నీళ్ళు నిలిచిన రోజుల సంగతి చెప్పాలంటే ఇంకో పోస్టు రాయాలి.

అన్నీ ఆ నోటుబుక్కులోకే ఎక్కాయి. రఫ్ నోటుబుక్కు అయిపోతే నాన్న షాపు నుంచి పొడుగాటి పద్దుపుస్తకం తెచ్చి ఎర్రగుడ్డతో అట్ట వేశారు. మొదటి పేజీలో పసుపు బొట్టు. ఆ ట్యూబు ముక్కలో మధ్యనుంచి తీసిన చిన్న బిళ్ళని కూడా లోపల అతికించారు, పక్కన '640' అని రాసి.

2004లో, కృష్ణా పుష్కరాలకి కొంచెం ముందు, అమ్మేశాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు వచ్చి కిక్కు కొట్టలేకపోయేవారు. కొన్నది కృష్ణలంకలో ఇళ్ళకి పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, 2,200కి. నాన్న అతన్ని కూర్చోబెట్టి, మూత తీసి రంధ్రం చూపించి, మొత్తం కథ చెప్పి, పద్దుపుస్తకం కూడా అతనికే ఇచ్చేశారు. నాకు ప్రాణం చివుక్కుమంది, ఆ మొదటి పేజీలన్నీ నా చేతిరాతే. "బండితోపాటు పోవాల్సిందేనమ్మా అది, మన దగ్గర ఉండి ఏం చేస్తుంది?" అన్నారు.

అతను పదిహేను రోజుల తర్వాత పొద్దున్నే పాలు వెయ్యడం ముగించుకుని మా ఇంటికి వచ్చాడు. బండి ఆగలేదట, బాగానే నడుస్తోందట. పుస్తకం చంకలో ఉంది, మధ్యలో ఒక పేజీ దగ్గర ఖాళీ పాల ప్యాకెట్ గుర్తుగా పెట్టుకున్నాడు.

"మీ అమ్మాయి గారు ఇక్కడ 'ఎడమ సీలు కాదు, కుడి సీలు' అని కొట్టేసి రాశారండీ. కుడి అంటే బండి మీద కూర్చుంటే కుడా, ఎదురుగా నిలబడితే కుడా?" అన్నాడు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, మోకాలు పట్టుకుంటూ నెమ్మదిగా మెట్లు దిగి బండి దగ్గరికి నడిచారు. నేను లోపలికెళ్ళి స్క్రూడ్రైవరు వెతికి తెచ్చాను.